ప్లగ్గు మార్చినా, కాయిల్ మార్చినా పోని మిస్సింగ్: ఒక రెండో సిలిండరు కథ

ఈ కారు నా చేతికి వచ్చేసరికే దానికి పెట్రోలును అంటించే నిప్పురవ్వ ఇచ్చే కొత్త స్పార్క్ ప్లగ్గులు నాలుగు, ఆ రవ్వకు వోల్టేజి పుట్టించే కొత్త ఇగ్నిషన్ కాయిల్ ఒకటి పడి ఉన్నాయి. అయినా ఎత్తు ఎక్కేటప్పుడు మిస్సింగ్, అంటే ఒక సిలిండరు సరిగా మండక ఇంజను తడబడటం, పోలేదు. దాని యజమాని ఓపిక ఉన్నవాడు, పనిముట్టు పట్టడం తెలిసినవాడు, తన కారు తానే బాగు చేసుకోవాలన్న పట్టుదల ఉన్నవాడు. అతడు చేసిన పనుల్లో ఒక్కటీ తెలివితక్కువ పని కాదు. కొన్న వస్తువుల్లో ఒక్కటీ నకిలీది కాదు. అయినా రోగం కుదరలేదు. ఎందుకు కుదరలేదో మొదటి నుంచి చివరి దాకా రాసి పెడుతున్నాను. ఏ ప్లగ్గు కొనాలి, ఏ పరీక్ష పరికరం కొనాలి అని నన్ను చాలామంది అడుగుతుంటారు. ఆ రెండు ప్రశ్నలకూ ఈ ఒక్క కారులోనే జవాబు ఉంది.

కారు వివరాలు

1.5 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను. టర్బో లేదు. ప్రతి ప్లగ్గు నెత్తి మీద దాని కాయిల్ దానికే కూర్చుని ఉంటుంది, కాబట్టి పాత కార్లలో ఉండే పొడవాటి ప్లగ్గు వైర్లు ఇందులో ఉండవు. కాయిల్ కింది నుంచి గొట్టంలాంటి రబ్బరు బూటు దిగి ప్లగ్గు పింగాణీని గట్టిగా పట్టుకుంటుంది. ఈ బూటు సంగతి గుర్తుంచుకోండి.

ఓడోమీటరు మీద 94,000 కిలోమీటర్ల దగ్గర మొదటిసారి కుదుపు వచ్చింది. యజమాని కారు కంప్యూటర్ రాసిన తప్పుల కోడ్లను ఫోనులో చూపే ఒక బ్లూటూత్ రీడర్ కొని చూశాడు. పీ0302 అని కోడ్ వచ్చింది, అంటే రెండో సిలిండరులో మిస్‌ఫైర్. అప్పటికి పాత నికెల్ ప్లగ్గులు 50,000 కిలోమీటర్లకు పైగా తిరిగి ఉన్నాయి. మామూలు నికెల్ ప్లగ్గుకు అది ఎక్కువ ఆయుష్షే. కాబట్టి నాలుగూ మార్చాడు, ఇరీడియం ప్లగ్గులు వేశాడు. దాదాపు 600 కిలోమీటర్లు కారు పువ్వులా నడిచింది. ఆ తర్వాత అదే కుదుపు, అదే కోడ్. ప్లగ్గు కొత్తదే కాబట్టి తప్పు కాయిల్‌దే అయి ఉంటుందని రెండో సిలిండరుకు కొత్త కాయిల్ వేశాడు. నాలుగైదు రోజులు బాగుంది. మళ్లీ మొదలు. ఈసారి చెక్ ఇంజన్ దీపం వెలిగి ఊరుకోకుండా టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఇంజెక్టర్ మార్చమంటావా, ఈసీయూ పోయిందంటావా అన్నా?" అని అడుగుతూ కారు తెచ్చాడు. ఇంజెక్టర్ అంటే పెట్రోలు చిమ్మేది, ఈసీయూ అంటే ఇంజను కంప్యూటర్. ఏదీ మార్చవద్దన్నాను. ముందు మార్చిన వాటినే చూద్దామన్నాను.

మాటల్లోనే సగం తెలిసింది

నేను బానెట్ ఎత్తడానికి ముందు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: మిస్సింగ్ ఏ సమయంలో వస్తోంది? అతడి జవాబు స్పష్టంగా ఉంది. ఐడిలింగ్‌లో నునుపుగా ఉంటుంది. చదును రోడ్డు మీద బాగానే పోతుంది. మూడో గేరులో, రెండు వేల ఆర్‌పీఎం దగ్గర, ఎత్తు మీద యాక్సిలరేటర్ నొక్కితే మాత్రం వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టు కుదుపు.

ఈ ఒక్క జవాబు నా చూపును ఇగ్నిషన్ వైపు తిప్పింది. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు సిలిండరులోకి గాలి ఎక్కువగా పోతుంది, కంప్రెషన్ (పిస్టన్ ఆ గాలిని నొక్కే దశ) చివర దాని ఒత్తిడి పెరుగుతుంది. వాయువు ఎంత చిక్కగా నొక్కుకుపోయి ఉంటే నిప్పురవ్వ దాన్ని చీల్చుకుని దూకడానికి అంత ఎక్కువ వోల్టేజి కావాలి. ఫ్రెడరిక్ పాషెన్ అనే జర్మన్ భౌతిక శాస్త్రవేత్త 1889లోనే చెప్పిన సూత్రం ఇది: దూకడానికి కావలసిన వోల్టేజి, ఒత్తిడి మీదా, మధ్యలోని ఖాళీ మీదా ఆధారపడుతుంది. ఐడిలింగ్‌లో పది వేల వోల్టుల దరిదాపుల్లో దూకే రవ్వకు, బరువు పడినప్పుడు ఇరవై వేలకు పైగా కావలసి రావచ్చు. అంత వోల్టేజి పుట్టినప్పుడు దానికి ప్లగ్గు గ్యాప్ (కొనల మధ్య రవ్వ దూకే ఖాళీ) కంటే సులువైన దారి ఇంకెక్కడైనా దొరికితే అటే పోతుంది. అందుకే తేలికగా నడిచినప్పుడు కనపడని లోపం ఎత్తు మీద బయటపడుతుంది.

ఇంజెక్టర్ మొరాయించినా, వాల్వు సరిగా మూసుకోకపోయినా సాధారణంగా ఐడిలింగ్‌లోనూ ఎంతో కొంత వణుకు కనిపిస్తుంది. ఇది రుజువు కాదు, దారి చూపే గుర్తు మాత్రమే. అందుకని ఆ రెండింటినీ పక్కన పెట్టలేదు, వరుసలో వెనక్కి జరిపాను.

రీడర్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

కోడ్ ఎలా పుడుతుందో తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. మిస్‌ఫైర్‌ను కనిపెట్టడానికి చాలా కార్లలో సిలిండరు లోపల కళ్లేమీ ఉండవు. క్రాంక్ షాఫ్ట్ పక్కన ఉన్న సెన్సరు పళ్ల చక్రం తిరిగే వేగాన్ని చూస్తూ ఉంటుంది. నాలుగు సిలిండర్ల ఇంజనులో క్రాంక్ ప్రతి అరచుట్టుకూ ఒక సిలిండరు మండి దాన్ని ముందుకు తోస్తుంది. ఏ సిలిండరు వంతులో ఆ తోపు తగ్గిందో కంప్యూటర్ లెక్క కట్టి ఆ సిలిండరు పేరు రాస్తుంది. అంతే. తోపు ఎందుకు తగ్గిందో దానికి తెలియదు. ప్లగ్గా, కాయిలా, బూటా, పెట్రోలా, కంప్రెషనా అన్నది ఆ కోడ్‌లో లేదు. పీ0302 చూసి ప్లగ్గు కొనడమంటే, జ్వరం ఉందని తెలిసి వెంటనే ఏదో ఒక మందు మింగడమే.

రీడర్‌ను గుచ్చే పదహారు కాళ్ల పోర్టు అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, యూరప్ పెట్రోలు కార్లలో 2001 నుంచి తప్పనిసరి అయింది. అందులో 16వ కాలికి బ్యాటరీ పాజిటివ్, 4, 5 కాళ్లకు ఎర్తు ఉంటాయి. ఇప్పటి కార్లు 6, 14 కాళ్ల మీద ఉండే క్యాన్ అనే డేటా లైను మీదుగా మాట్లాడతాయి. 16వ కాలికి ఎప్పుడూ కరెంటు ఉంటుంది కాబట్టి, చిన్న బ్లూటూత్ రీడర్‌ను పోర్టులోనే వదిలేసి వారాల తరబడి కారు ఆపేస్తే బ్యాటరీ నెమ్మదిగా దిగిపోతుంది. పని అయ్యాక తీసేయండి.

యజమాని చేసిన పొరపాటు ఒకటి ఇక్కడ ఉంది, దాన్ని దాదాపు అందరూ చేస్తారు. కోడ్ చూడగానే చెరిపేయడం. అతడు నాలుగుసార్లు చెరిపాడు. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అనే చిత్తు నకలు కూడా చెరిగిపోతుంది. తప్పు జరిగిన క్షణంలో ఇంజను వేగం ఎంత, లోడ్ ఎంత, కూలెంట్ వేడి ఎంత, పెట్రోలు సవరణ (కంప్యూటర్ పెట్రోలును పెంచిన లేదా తగ్గించిన మోతాదు) ఎంత అన్నవన్నీ అందులో ఉంటాయి. నా దృష్టిలో కోడ్ కంటే అది విలువైనది. ముందు దాన్ని రాసుకోండి, లేదా ఫోనుతో ఫొటో తీసుకోండి. ఆ తర్వాతే చెరపండి.

అతడి రీడర్ పనికిరానిదేమో, ఖరీదైన స్కానర్ కొనాలేమో అనుకున్నాడు. నేను అదే రీడర్‌ను నా ఫోనులో ఉన్న వేరే యాప్‌తో కలిపి చూశాను. అది ఈఎల్ఎం327 అనే చిప్ తరహా రీడర్. వీటి నకళ్లలో కొన్ని అన్ని ఆదేశాలకూ జవాబు ఇవ్వవు, కానీ ఇది ఇచ్చింది. మొదటి యాప్ కోడ్ చూపి చెరపడం తప్ప ఇంకేమీ చేయదు. రెండోది ఫ్రీజ్ ఫ్రేమ్, పెండింగ్ కోడ్లు (ఇంకా ఖాయం కానివి), లైవ్ డేటా, మోడ్ 06 (ఏ సిలిండరులో ఎన్ని మిస్‌ఫైర్లో లెక్క ఉండే చోటు) అన్నీ చూపింది. లోపం రీడర్‌లో కాదు, యాప్‌లో ఉంది. ఇంటి పనికి రీడర్ కొనేవారు ఈ నాలుగూ కనిపిస్తాయో లేదో చూసుకుంటే చాలు. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, కంప్యూటర్ నుంచి భాగాలను ఆడించే సౌకర్యం ఉన్న పెద్ద పరికరాలు ఇలాంటి రోగానికి అక్కర్లేదు.

ఇద్దరం కలిసి ఒక ఎత్తు మీదికి కారు నడిపి కుదుపు రప్పించాం. అప్పుడు దొరికిన ఫ్రీజ్ ఫ్రేమ్ ఇది: వేగం 42, ఆర్‌పీఎం 2,150, లోడ్ 81 శాతం, కూలెంట్ 89 డిగ్రీలు, తాత్కాలిక పెట్రోలు సవరణ ప్లస్ 2.3 శాతం, దీర్ఘకాలిక సవరణ ప్లస్ 3.1 శాతం. సవరణలు ప్లస్ మైనస్ పది శాతంలోపు ఉంటే నేను పెట్రోలు వైపు అనుమానం పెంచుకోను. పైగా మిస్‌ఫైర్ అయిన సిలిండరు నుంచి వాడని ఆక్సిజన్ బయటికి పోతుంది కాబట్టి ఆక్సిజన్ సెన్సరు పెట్రోలు తక్కువైందని భ్రమపడి సవరణను పైకి నెడుతుంది. ఆ కొద్దిపాటి ప్లస్సును చూసి ఎయిర్ లీకు వెతుకుతూ కూర్చుంటే రోజంతా వృథా.

దీపం కొట్టుకోవడం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. స్థిరంగా వెలిగితే తీరిక చూసుకుని చూడవచ్చు. కొట్టుకుంటోందంటే మండని పెట్రోలు పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతోందని, అది కాలిపోయే ప్రమాదం ఉందని అర్థం. వెంటనే యాక్సిలరేటర్ తగ్గించాలి, బరువు మీద నడపకూడదు. ఇతడు తెలియక చాలా దూరం నడిపాడు. అదృష్టవశాత్తూ కన్వర్టర్ తర్వాతి సెన్సరు 0.6, 0.7 వోల్టుల మధ్య నిలకడగానే ఉంది.

రెండు కోడ్లు వచ్చిన పరీక్ష

తర్వాత నేను రెండో సిలిండరు కాయిల్‌నూ మూడో సిలిండరు కాయిల్‌నూ అటుదిటు మార్చాను. కాణీ ఖర్చు లేని పరీక్ష ఇది. కాయిల్ చెడిపోయి ఉంటే మిస్సింగ్ మూడుకు పోవాలి. ప్లగ్గో, ఇంజెక్టరో, కంప్రెషనో కారణమైతే రెండులోనే ఉండిపోవాలి. మళ్లీ అదే ఎత్తు, అదే గేరు.

పీ0302, పీ0303 రెండూ వచ్చాయి.

మోడ్ 06లో ఆ ప్రయాణం లెక్క చూస్తే రెండో సిలిండరులో 41 మిస్‌ఫైర్లు, మూడో దానిలో 27, ఒకటి, నాలుగులో సున్నా. ఇక్కడే చాలామంది చేతులెత్తేసి ఈసీయూ మీదికి పోతారు. నేనూ కాసేపు ఆగి ఆలోచించాను. కాయిల్ తప్పయితే ఒకచోట, ప్లగ్గు తప్పయితే ఒకచోట రావాలి. రెండుచోట్లా వచ్చిందంటే, తరలివెళ్లిన భాగంలోనూ తప్పు ఉంది, ఉన్నచోటే ఉండిపోయిన భాగంలోనూ తప్పు ఉంది. తరలివెళ్లింది కాయిల్, దానితో పాటు బూటు. ఉండిపోయింది ప్లగ్గు. బూటు, ప్లగ్గు ఒకదానికొకటి తాకి ఉండే జంట.

పింగాణీ మీద సన్నటి గీత

ఇంజను చల్లారే దాకా ఆగాం. వేడి మీద ప్లగ్గు విప్పితే అల్యూమినియం హెడ్‌లోని మరలు లేచిపోయే ప్రమాదం ఉంది. కాయిల్ తీసి బావిలోకి టార్చి వేశాను. ప్లగ్గు దిగి ఉండే గొట్టాన్ని నేను బావి అంటాను. ఒకటి, మూడు, నాలుగు బావుల అడుగు పొడిగా, మసక బూడిద రంగులో ఉంది. రెండో బావి అడుగున మాత్రం టార్చి వెలుగు నల్లగా మెరిసింది. ఇంజనాయిల్. ఇంజను పైమూత అయిన ట్యాపెట్ కవర్ కింద బావి చుట్టూ ఉండే ఆయిల్ సీల్ గట్టిపడి కారుతోంది.

ప్లగ్గు విప్పే ముందు ఆ ఆయిల్‌ను గుడ్డ చుట్టిన పుల్లతో అద్ది తీశాను, లేకపోతే అది నేరుగా సిలిండరులోకి పోతుంది. తర్వాత ప్లగ్గును పైకి తీసి, తుడిచి, కిటికీ వెలుగులో నెమ్మదిగా తిప్పాను. నాలుగు వంతుల్లో మూడు వంతుల దాకా తెల్లటి పింగాణీ తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత కనిపించింది: పై కొన దగ్గర మొదలై కింద లోహపు గుండ్రం దాకా దిగిన సన్నటి నల్లగీత. బాగా చెక్కిన పెన్సిలుతో ఎవరో చెయ్యి వణుకుతూ గీసినట్టు ఉంది. గోరుతో గీకినా, పెట్రోలుతో తుడిచినా పోలేదు. కాయిల్ బూటును నోటి దగ్గర వెడల్పు చేసి టార్చి వేస్తే లోపలి గోడ మీద అదే ఎత్తున, బూడిద పూసినట్టు ఒక చార. రెండింటినీ జత చేసి పట్టుకుంటే గీత మీద గీత సరిగ్గా కూర్చుంది.

దీన్ని కార్బన్ ట్రాకింగ్ అంటారు. కరెంటు గ్యాప్ మీదుగా దూకే బదులు పింగాణీ బయటి వైపు నుంచి జారి లోహానికి ఎర్తయిపోతోంది. ఒకసారి జారితే ఆ దారి మసిబారి కరెంటుకు బాట అవుతుంది. తర్వాతిసారి ఇంకా సులువుగా జారుతుంది.

ఇక్కడ పొరబడే గుర్తు ఒకటి ఉంది. లోహం, పింగాణీ కలిసేచోట చుట్టూ గోధుమ రంగు వలయం కనిపిస్తే చాలామంది గ్యాస్ లీకవుతోందని ప్లగ్గు పారేస్తారు. అది కరోనా మరక. అధిక వోల్టేజి చుట్టూ ఏర్పడే క్షేత్రానికి గాలిలోని నూనె తుంపరలు అతుక్కుని ఏర్పడుతుంది. దానివల్ల హాని లేదు. అడ్డంగా వలయం ఉంటే భయం లేదు, నిలువుగా గీత ఉంటే ప్లగ్గు పోయినట్టే.

అప్పుడు నేను అడిగిన వస్తువు ఈ కేసు మొత్తాన్ని విప్పింది. "పాత ప్లగ్గులు పారేశావా?" పారేయలేదు. డబ్బాలో ఉన్నాయి. నాలుగింటి గ్యాప్ 1.3, 1.4 మిల్లీమీటర్ల దాకా అరిగి ఉంది, మాన్యువల్‌లో రాసింది 0.8. వాటిలో ఒకదాని పింగాణీ మీద అదే పెన్సిలు గీత.

ఇప్పుడు వరుస చూడండి. అరిగిన ప్లగ్గుకు వోల్టేజి ఎక్కువ కావలసి వచ్చింది. రెండో బావిలో ఆయిల్‌కు నానిన బూటు దాన్ని ఆపలేక దారి ఇచ్చింది. ప్లగ్గు మీదా బూటు లోపలా జంటగా గీతలు పడ్డాయి. యజమాని ప్లగ్గు మార్చాడు, గీత పడ్డ పాత బూటు అలాగే ఉంది. అది 600 కిలోమీటర్లలో కొత్త ప్లగ్గు మీద గీత పెట్టింది. తర్వాత కాయిల్ మార్చాడు, దానితో కొత్త బూటు వచ్చింది, కానీ గీత పడ్డ ప్లగ్గు అలాగే ఉంది. అది నాలుగైదు రోజుల్లో కొత్త బూటును పాడు చేసింది. అతడు రెండింటినీ మార్చాడు, ఒక్కసారిగా మార్చలేదు. ప్రతిసారీ చెడ్డ సగం మంచి సగాన్ని చెడగొట్టింది. ఆయిల్ ఎలాగూ కారుతూనే ఉంది. ఇది విన్నప్పుడు అతడి ముఖంలో కోపం కంటే ఊరట ఎక్కువగా కనిపించింది, ఎందుకంటే తాను బిగించిన తీరులో తప్పు లేదని తేలింది.

ఆ ఇరీడియం ప్లగ్గుల సంగతి

అతడు వేసిన ప్లగ్గులు మంచివే, కానీ ఈ ఇంజనుకు సరైనవి కావు. మాన్యువల్ చెప్పింది ఎన్‌జీకే బీకేఆర్6ఈ, గ్యాప్ 0.8. అతడు కొన్నది బీకేఆర్6ఈఐఎక్స్-11. ఈ అక్షరాలు అలంకారం కాదు. బీ అంటే 14 మిల్లీమీటర్ల మర, కే అంటే 16 మిల్లీమీటర్ల షడ్భుజి, ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉంది, 6 హీట్ రేంజ్ (ప్లగ్గు తన వేడిని వదిలే తీరు), ఈ అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు, ఐఎక్స్ ఇరీడియం రకం. చివరి 11 గ్యాప్ 1.1 మిల్లీమీటర్లని చెబుతోంది. మర, పొడవు, హీట్ రేంజ్ అన్నీ సరిపోయాయి, చేత్తో తిప్పితే సరిగ్గా కూర్చున్నాయి. గ్యాప్ మాత్రం ఉండవలసినదానికంటే 0.3 ఎక్కువ.

మిగిలిన మూడు సిలిండర్లు అదే 1.1 గ్యాప్‌తో బాగానే నడిచాయి కదా అని మీరు అడగవచ్చు. నిజమే. గ్యాప్ ఒక్కటే ఈ రోగం తేలేదు. కానీ బూటు బలహీనంగా ఉన్నచోట ప్రతి రవ్వకూ వోల్టేజి అవసరం పెంచి గీత త్వరగా పడేలా చేసింది. వాటినే 0.8కి వంచుకుందామా అని అతడు అడిగాడు. నేను వద్దన్నాను. ఇరీడియం నడిమి కొన 0.6 మిల్లీమీటర్ల సన్నం, దాని మీద పనిముట్టు ఆన్చితే విరుగుతుంది. ఎర్తు కొక్కేన్ని మాత్రమే వంచాలి. అంత ఎక్కువగా వంచితే అది కొనకు సమాంతరంగా నిలవదు. గుండ్రటి వాలు గేజ్‌ను గ్యాప్‌లో దూర్చి తిప్పడం ఇరీడియానికి ఇంకా ప్రమాదం, తీగ గేజ్ వాడాలి. సరైన గ్యాప్‌తో వచ్చే ప్లగ్గు దొరుకుతున్నప్పుడు తప్పు ప్లగ్గును సరిచేయడం ఎందుకు?

ఇరీడియం మంచిదా అన్న ప్రశ్నకు నా జవాబు: మంచిదే, దాని పని దానికి తెలిస్తే. 2,446 డిగ్రీల దగ్గర కరిగే లోహం కాబట్టి కొనను సన్నగా చేసినా త్వరగా అరగదు. సన్నటి కొన నుంచి రవ్వ తక్కువ వోల్టేజికే దూకుతుంది. అయితే నడిమి కొన ఇరీడియం, ఎదుటి కొక్కెం మామూలు నికెల్ అయిన రకాలూ ఉన్నాయి, వాటిలో కొక్కెం అరుగుతుంది. రెండువైపులా విలువైన లోహపు బిళ్ల ఉన్నవే లక్ష కిలోమీటర్ల దాకా నిలిచేవి. డబ్బా మీద ఇరీడియం అన్న మాట ఒక్కటి చూసి ఆయుష్షు లెక్క కట్టవద్దు. నికెల్ ప్లగ్గు కోసం రూపొందించిన ఇంజనులో ఇరీడియం వేస్తే అదనపు పికప్ వస్తుందని కూడా ఆశించవద్దు.

హీట్ రేంజ్ విషయంలో అతడు తప్పు చేయలేదు కానీ అంచు దాకా వెళ్లాడు. దుకాణంలో బాష్ ప్లగ్గు 8 నంబరుది చూసి, 6 కంటే 8 ఇంకొంచెం చల్లటిది, వేసవికి మంచిదని తీసుకోబోయాడట. ఎన్‌జీకేలో, డెన్సోలో నంబరు పెరిగే కొద్దీ ప్లగ్గు చల్లటిది. బాష్‌లో నంబరు పెరిగే కొద్దీ వేడిది. ఎన్‌జీకే 6, డెన్సో 20, బాష్ 7 దాదాపు ఒకే స్థాయి. బాష్ 8 అంటే అతడు అనుకున్నదానికి పూర్తిగా ఎదురు దిశ. ఇక వేడి ప్లగ్గు వేడి రవ్వ ఇస్తుందన్నది అపోహ. ప్లగ్గు ముక్కు తన వేడిని హెడ్‌లోకి ఎంత త్వరగా వదులుతుందన్నదే హీట్ రేంజ్. ముక్కు సుమారు 450 నుంచి 850 డిగ్రీల మధ్య ఉండాలి. అంతకు తగ్గితే మసి కాలక పేరుకుపోతుంది, 950 దాటితే రవ్వ పడకముందే మిశ్రమం అంటుకుని పిస్టన్‌కు చేటు తెస్తుంది. ఒక బ్రాండు నుంచి ఇంకో బ్రాండుకు మారేటప్పుడు నంబరును మనసులో లెక్కగట్టవద్దు, తయారీదారుల పట్టికలో కారు మోడల్ పెట్టి చూడండి.

ఏ పనిముట్టు తన విలువ చూపింది

పెన్సిలు గీతను చూపింది టార్చి. దానికి మించినది ఈ కేసులో లేదు. తర్వాతి స్థానం రీడర్‌ది, ఫ్రీజ్ ఫ్రేమ్ వల్ల. మూడోది గ్యాప్ మార్చుకునే వీలున్న స్పార్క్ టెస్టర్. దాన్ని కాయిల్‌కూ ఇంజను లోహానికీ మధ్య పెట్టి, పాతికవేల వోల్టుల దగ్గర రవ్వ దూకుతుందో లేదో చూశాను. కొత్త కాయిల్ దూకింది. అతడు తీసేసి పక్కన పెట్టిన పాత కాయిల్‌కు మంచి బూటు తొడిగి చూస్తే అదీ దూకింది! అది చెడిపోనే లేదు. ఇప్పుడు అతడి దగ్గర అదనపు కాయిల్‌గా ఉంది. కాయిల్‌ను గాలిలో వేలాడదీసి సెల్ఫ్ కొట్టకండి, వోల్టేజికి దారి లేక కాయిల్ లోపలే పగిలిపోవచ్చు.

మల్టీమీటర్ ప్రతి ఇంట్లో ఉండాల్సిందే, బ్యాటరీకీ చార్జింగ్‌కీ దాన్ని మించింది లేదు. కానీ లోపలే ఎలక్ట్రానిక్ స్విచ్ ఉన్న ఇలాంటి కాయిళ్లను ఓమ్‌లలో కొలిచి మంచీ చెడూ తేల్చలేం. ప్లగ్గులో రెసిస్టర్‌ను చూడటానికి మాత్రం పనికొచ్చింది: నాలుగూ ఐదు కిలో ఓమ్‌ల చుట్టుపక్కలే ఉన్నాయి.

ప్లగ్గులు ఎలాగూ బయటే ఉన్నాయి కాబట్టి కంప్రెషన్ కూడా చూశాను. పెట్రోలు పంపు ఫ్యూజు తీసి, కాయిళ్ల కరెంటు కనెక్టర్లు ఊడదీసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పెట్టి కొలిస్తే వరుసగా 12.6, 12.4, 12.5, 12.3 బార్. సంఖ్య కంటే నాలుగింటి మధ్య తేడా ముఖ్యం, అది పది శాతంలోపే ఉంది. దీనితో వాల్వుల, రింగుల అనుమానం తీరిపోయింది.

ఎంత బలంతో బిగించామో చూపే టార్క్ రెంచ్ గురించి అతడు తటపటాయించాడు. నేను మాత్రం రీడర్ కంటే ముందు అదే కొనమంటాను. 14 మిల్లీమీటర్ల వాషరు ప్లగ్గుకు అల్యూమినియం హెడ్‌లో 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు చాలు. పెద్ద కార్ల చక్రాల నట్లకు వాడే రెంచ్ ఆ తక్కువ పరిధిలో సరిగా చూపదు, 5 నుంచి 50 దాకా ఉండే చిన్నది కావాలి. అది లేనివారు కొత్త ప్లగ్గును చేత్తో ఆగే దాకా తిప్పి, తర్వాత సగం నుంచి మూడింట రెండు వంతుల చుట్టు బిగించవచ్చు. వాషరు లేని ఏటవాలు రకం ప్లగ్గుకు ఈ లెక్క వర్తించదు, అక్కడ పదహారో వంతు చుట్టే. సాకెట్‌లో అయస్కాంతమో రబ్బరో ఉండాలి. ప్లగ్గును బావిలోకి జారవిడిస్తే గ్యాప్ మూసుకుపోతుంది, ఇరీడియమైతే కొన విరుగుతుంది.

మరమ్మతు

బావుల ఆయిల్ సీళ్లు, ట్యాపెట్ కవర్ గ్యాస్కెట్ ముందు మార్చాం. దాన్ని వదిలి మిగతావి మార్చి ఉంటే మూడు నెలల్లో మళ్లీ ఇదే కథ. తర్వాత మాన్యువల్ చెప్పిన బీకేఆర్6ఈ నాలుగు, ప్రతిదాని గ్యాప్ తీగ గేజ్‌తో 0.8 అని నిర్ధారించుకుని వేశాం. ఈ కాయిళ్లకు బూట్లు విడిగా దొరుకుతాయి కాబట్టి నాలుగు కొత్త బూట్లు. మరలకు ఏ గ్రీజూ పూయలేదు. లోహపు పూత ఉన్న ప్లగ్గు మరలకు జారుడు పూస్తే అదే టార్క్ దగ్గర ప్లగ్గు ఎక్కువ బిగుసుకుని మరలు సాగిపోతాయి. బూటు నోటి లోపల మాత్రం కరెంటును పోనివ్వని డైఎలెక్ట్రిక్ గ్రీజు పలుచగా పూశాం. ప్లగ్గులు 25 న్యూటన్ మీటర్లకు బిగించాం. వాటిని యజమాని చేతే బిగించనిచ్చాను.

అదే ఎత్తు, అదే మూడో గేరు, లోడ్ 80 శాతం దాటే దాకా నొక్కాడు. మోడ్ 06లో నాలుగు సిలిండర్లకూ సున్నా. ముగ్గురు మనుషులను ఎక్కించుకుని ఇంకోసారి వెళ్లాం. సున్నాయే.

నేను మార్చుకున్న వరుస

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో ఒకటి మారింది. కాయిళ్లను అటుదిటు మార్చే ముందే బూటు లోపలికి, ప్లగ్గు పింగాణీ మీదికి టార్చి వేస్తున్నాను. ఈ కారులో నేను చూడకుండా మార్చడం వల్ల గీత పడ్డ బూటు మూడో సిలిండరులోని మంచి ప్లగ్గు మీదికి వెళ్లింది. ఎలాగూ నాలుగూ మార్చాం కాబట్టి నష్టం జరగలేదు, కానీ ప్లగ్గులు మార్చే ఉద్దేశం లేని కారులో నేనే ఒక మంచి ప్లగ్గును చెడగొట్టి ఉండేవాణ్ని. అందుకని ముందు చూపు, తర్వాత మార్పిడి.

1,500 కిలోమీటర్ల తర్వాత అతడు మళ్లీ వచ్చాడు. రెండో బావి అడుగు పొడిగా ఉంది. ప్లగ్గు ముక్కు లేత గోధుమ రంగులో, పింగాణీ చుట్టూ తిప్పినా మచ్చ లేకుండా ఉంది. పాత వాషరు అప్పటికే నలిగి ఉంది కాబట్టి దాన్ని తిరిగి వేసేటప్పుడు చేత్తో ఆగాక పన్నెండో వంతు చుట్టు మాత్రమే తిప్పాడు. తీసిన పాత ప్లగ్గుల డబ్బాలో ఇప్పుడు ఒక్కోదానికీ కాగితం చుట్టి, సిలిండరు నంబరూ కిలోమీటర్లూ రాసి పెట్టుకున్నాడు. రెండు అని రాసిన ప్లగ్గులు అందులో రెండు ఉన్నాయి, రెండింటి మీదా ఆ గీత ఉంది.